స్థూలదేహం, నగ్నచిత్రం, అభ్యుదయ దృష్టి

కొన్ని విషయాలు మన మిత్రుల మధ్య చర్చకు రాకముందే తీర్పుకు వస్తాయి. లావుపాటి స్త్రీలు చిత్రకారుడి ముందో, ఫొటోగ్రాఫరు ముందో వివస్త్రలై కూర్చుని, ఆ చిత్రాల మూలంగా తమ దేహాలను తాము అంగీకరించగలిగామని చెప్పడం అటువంటి విషయం. సంప్రదాయవాది ఈ మాట వినగానే సిగ్గులేనితనం అంటాడు. అతను అలా అనకపోతేనే ఆశ్చర్యం. కాని అభ్యుదయవాదినని చెప్పుకునే మిత్రుడు కూడా, తిన్నదరగని దేశాల వేషం ఇది, మనకెందుకు అంటాడు. ఒకరు నీతి పేరున, ఒకరు వర్గం పేరున తలుపు మూస్తున్నారు. మొదటివారితో వాదించి లాభం లేదు. రెండవవారు మనవారు గనక వారితో వాదించక తప్పదు.

ముందు విషయమేమిటో చూద్దాం. లెనార్డ్ నిమోయ్ అనే అమెరికన్ నటుడు వుండేవాడు. 'స్టార్ ట్రెక్' చూసినవారికి ఆ మొనదేరిన చెవులు గుర్తుండే వుంటాయి. అతను నటనతో పాటు ఫొటోగ్రఫీని కూడా గట్టిగా పట్టుకున్నవాడు. మొదట అతను తీసిన నగ్నచిత్రాలన్నీ మనకు అలవాటైన సన్నని దేహాలవే. ఒకచోట ఆ చిత్రాలను చూపించి మాట్లాడాక ఒక భారీ స్త్రీ అతని దగ్గరకు వచ్చి, నా వంటి దేహాన్ని కూడా తీస్తారా అని అడిగింది. తీశాడు. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థూలకాయులైన స్త్రీలే నడుపుకుంటున్న ఒక నృత్యప్రదర్శన బృందాన్ని కలుసుకుని, వారిని నలుపు తెలుపుల్లో తీసి 2007లో 'ది ఫుల్ బాడీ ప్రాజెక్ట్' అన్న పుస్తకంగా ప్రకటించాడు.

ఆ పుస్తకంలో ఒక తెలివైన పని వుంది. మతీస్ గీసిన 'నృత్యం' చిత్రంలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే దేహాలను, ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లు సన్నని మోడళ్ళతో తీసి పేరుపడ్డ భంగిమలను ఈ స్త్రీలు తిరిగి నిలబెట్టారు. భంగిమ అదే. దేహం ఒక్కటే మారింది. అది మారేసరికి చూసేవాడు ఉలిక్కిపడతాడు. ఇంతకాలం తాను అందమని మెచ్చుకున్నది రేఖనూ కూర్పునూ కాదని, కొలతను మాత్రమేనని అతనికి తెలిసివస్తుంది. పైగా ఆ స్త్రీలు తల వంచుకుని లేరు. కెమెరాలోకి సూటిగా చూస్తున్నారు, కొన్నిచోట్ల పగలబడి నవ్వుతున్నారు. చిత్రం తీసినవాడు పురుషుడే అయినా అడిగినది స్త్రీ, బృందం ఆ స్త్రీలది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దీని మీదనే తక్కిన చర్చ అంతా ఆధారపడి వుంది.

తిన్నదరగని దేశాల వేషం అనే మిత్రుడికి ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఈ ధోరణి ఫొటో స్టూడియోలలో పుట్టలేదు. 1970ల తొలి సంవత్సరాలలో లాస్ ఏంజిలిస్‌లో 'ఫ్యాట్ అండర్‌గ్రౌండ్' అనే చిన్న స్త్రీల బృందం వుండేది. 1973లో ఆ బృందంలోని జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డిబరాన్ అనే ఇద్దరు ఒక ప్రణాళికను రాశారు. లావుగా వున్నవారి మీద జరిగే అణచివేతను వారు వర్గ అణచివేతతో, జాతి వివక్షతో, పెట్టుబడిదారీతో, సామ్రాజ్యవాదంతో కలిపి చూశారు. సన్నబరుస్తామని డబ్బు గుంజే పరిశ్రమను శత్రువుగా పేరుపెట్టి చూపారు. ఆ ప్రణాళిక చివరి పిలుపు 1848 నాటి మరొక ప్రణాళిక చివరి పిలుపుకు అనుకరణ. ఆ రెండవ ప్రణాళిక ఏదో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మన ఇంటి మాటనే పరాయిదనుకుని తోసివేస్తున్నామన్న మాట!

పేదదేశంలో, ఆకలి వున్న చోట, లావును గురించి మాట్లాడడం అపహాస్యం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో వుండవలసినదానికన్న తక్కువ బరువున్నవారు నూటికి 18.7 మంది, ఎక్కువ బరువున్నవారు 24 మంది. అదే వయసు స్త్రీలలో రక్తహీనత 57 మందికి వుంది. అంటే బక్కదేహమూ లావుదేహమూ రెండు వేరు వేరు దేశాలలో లేవు. ఒకే వీధిలో వున్నాయి. రక్తం చాలని లావు కూడా వుంటుంది. రేషన్ బియ్యంతో, చక్కెర టీతో, చవక నూనెతో కడుపు నింపుకుని, కాన్పు వెనక కాన్పు కని, పనంతా చేసి ఒళ్ళు బరువెక్కిన స్త్రీని చూసి, ఇది కలిగినవారి జబ్బు అనడం అన్యాయం.

అసలు మన భాషనే గమనించండి. కలిగిన ఇంటి కోడలు లావెక్కితే "ఒళ్ళు చేసింది" అంటారు. అందులో సంతోషం వుంది, పుట్టింటికి కబురు పంపదగిన మాట అది. కూలిమనిషి ఎదురు చెబితే దొర "ఒళ్ళు బలిసిందా?" అంటాడు. కండ అదే, క్రియ వేరు. ఒళ్ళు వంచి పనిచేయాలి, ఒళ్ళు దాచుకోకూడదు. శ్రామికుడి ఒళ్ళును గురించి తెలుగు పలుకుబడి ఇచ్చే ఆజ్ఞలు ఇవే. ఒళ్ళు అతనికి యజమానికి అప్పగించవలసిన వస్తువే గాని సొంత ఆస్తి కాదు. పలుకుబడిలో ఇమిడివున్న ఈ వర్గస్వభావాన్ని మన విమర్శ ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

కొత్తగూడెంలో వుండేవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఇది బొగ్గుగనుల ఊరు. తట్టా చెమ్మస్ కాలం నుంచీ ఇక్కడ మగవాడి దేహానికి విలువ కట్టేది గని. ఆ దేహం ఇక పనికిరాదని తేల్చేది మెయిన్ హాస్పిటల్లో కూర్చునే మెడికల్ బోర్డు. 'ఫిట్', 'అన్‌ఫిట్' అన్న రెండు మాటల చుట్టూ ఎన్ని కుటుంబాల బతుకులు తిరిగాయో! స్త్రీ దేహాన్ని మాత్రం గని చాలాకాలం లోపలికే రానివ్వలేదు. 1952 గనుల చట్టం ఆమెను భూగర్భంలోకి దిగకుండా ఆపింది. 2019లో గాని ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. పని దగ్గర విలువ కట్టే అవకాశం లేకుండా పోయిన స్త్రీ దేహానికి విలువ కట్టే చోటు పెళ్ళిచూపులు ఒక్కటే అయింది. అక్కడి బోర్డులో డాక్టర్లుండరు. అత్తలూ ఆడబిడ్డలూ వుంటారు. పిల్ల లావు అనే మాట కట్నం అంకెను పెంచుతుంది. ఇది విలాసమా? ఇంటి గడప లోపల జరిగే ఆర్థిక వ్యవహారం కాదా?

ఇక సాహిత్యంలోకి వస్తాను. మన మిత్రులలో మరొక వాదం వుంది. ప్రాచీన భారతీయ కళ దేహాన్ని సిగ్గుపడకుండా చూసిందనీ, పుష్టిగల స్త్రీని ఆరాధించిందనీ, సన్నదనం పిచ్చి పాశ్చాత్యుల నుంచి దిగుమతి అయిందనీ ఈ వాదం. వినడానికి బాగుంటుంది, సగం మాత్రమే నిజం. ప్రబంధాలలో నాయిక వర్ణన చదివినవారికి తెలుసు: స్తనాలు, జఘనం ఎంత నిండుగా వుంటాయో నడుము అంత లేకుండా పోతుంది. అది సింహమధ్యమై, పిడికెడై, తర్వాత్తర్వాత వుందో లేదో తెలియని శూన్యమై, ఆకాశమై కూర్చుంటుంది. కవులు ఒకరిని మించి ఒకరు ఆ నడుమును కోసివేయడంలో పోటీపడ్డారు. 'సైజ్ జీరో' అన్న మాట కొత్తది కావచ్చు గాని ఆ సున్నా మాత్రం మన పూర్వకవులు పెట్టినదే. ఆ పద్యాలలోని స్త్రీకి కొలతలున్నాయి, నడక వుంది, ఆయాసం లేదు. ఆమె ఎప్పుడైనా అన్నం తిన్నట్టు ఏ కవీ చెప్పడు.

రాళ్ళలో కూడా అంతే. మన బొగ్గుగనుల ప్రాంతానికి పెద్ద దూరంలో లేని పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి వుంది. 2021లో దానికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. పైకప్పు కింద నల్లరాతిలో నిలిచిన మదనికల నాజూకును మెచ్చుకోనివారు లేరు. నేనూ మెచ్చుకుంటాను. అయితే అవి సన్నగా, పొడుగ్గా సాగదీసిన దేహాలు. గుడి కట్టడానికి రాళ్ళు మోసిన స్త్రీల దేహాలు అవి కానేరవు. దీనికి భిన్నమైన శిల్పం ఒకటి అలంపురం మ్యూజియంలో వుంది. లజ్జాగౌరి అంటారు. వివస్త్ర, నిండైన పొట్ట, నిండైన తొడలు. పిల్లలు లేని స్త్రీలు మొక్కుకునే దేవత. ఆ దేహంలో ఎక్కడా నాజూకు లేదు, ఎక్కడా సిగ్గు లేదు. కాని ఒకటి గమనించాలి. ఆమెకు తల లేదు, తల వుండవలసిన చోట తామరపువ్వు వుంది. నిండుదేహాన్ని నగ్నంగా పూజించడానికి సిద్ధపడిన సమాజం ఆ దేహానికి ముఖాన్ని ఇవ్వలేదు. శాస్త్రకారులు ఆ పద్మానికి అర్థాలు చెబుతారు, వాటితో నాకు తగాదా లేదు. ముఖం లేని దేహాన్ని గౌరవించడం ఎవరికైనా సులభమే అంటున్నాను, అంతే.

కాబట్టి నగ్నమా కాదా, లావా సన్నమా అన్న ప్రశ్నలతో మనం ఎక్కువ దూరం పోలేం. ఈ దేహానికి ముఖం వుందా, పేరు వుందా, ఈ చిత్రం విషయంలో ఆమె మాట చెల్లిందా అని అడిగితే కొంత దూరం పోగలం.

ఈ కొలబద్దతో మనవాడైన తోట వైకుంఠాన్ని చూద్దాం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గరా చదివిన చిత్రకారుడు. అతని తెలంగాణ స్త్రీలు నగ్నలు కారు. కాని నిండుదేహాన్ని, నల్లని ఒంటిని, మెడ దగ్గరి మడతను, ముదురు రంగు చీర కింద నుంచి పొంగే భుజాన్ని ఇంత గౌరవంగా గీసిన తెలుగు చిత్రకారుడు మరొకడు నాకు తెలియదు. ఈ రూపానికి మూలం తన తల్లి అని ఆయనే చెప్పుకున్నాడు. పత్రికలవారూ సినిమావారూ తెల్లని సన్నని పిల్లనే తెలుగుపిల్లగా చూపిస్తున్న రోజులలో, రూపాయంత బొట్టు పెట్టుకుని నిబ్బరంగా కూర్చున్న ఈ స్త్రీని చూసి ఎందరో తెలంగాణ ఆడవాళ్ళు, మా అమ్మలా వుంది, నాలా వుంది అనుకుని వుంటారు. అది చిన్న మేలు కాదు.

అయినా ఒక కొరత వుంది. ఆ స్త్రీ ఎప్పుడూ సింగారించుకునే వుంటుంది. పని మధ్యలో వుండదు, అలసిపోదు. పల్లె నుంచి బయలుదేరి ఆమె చేరినచోటు కలిగినవారి హాలు గోడ. సోఫా రంగుకు నప్పుతుంది గనక కొన్నవారు కూడా లేకపోరు. ఆ నిండుదనాన్ని గోడమీద మెచ్చుకున్న యజమానురాలే వంటింట్లో పనిచేసే అటువంటి దేహాన్ని ఏమంటుందో మనకు తెలుసు. ఇదే వైకుంఠం బి. నర్సింగరావు తీసిన 'దాసి'కి కళాదర్శకుడు. 1988 నాటి ఆ చిత్రానికి ఆయనకు జాతీయ బహుమానం వచ్చింది. గడీలో ఇంటి సామానుతో పాటు అరణంగా వచ్చిన ఆడమనిషి కథ అది. ఆ దేహం మీద ఆమెకు ఏ హక్కూ లేదు, కడుపులో బిడ్డ మీద కూడా లేదు. ఆ గడీ గోడలను కట్టిన చేతులే ఈ రంగుల చీరలను గీశాయి. కాన్వాసుల మీద కనిపించని చరిత్ర ఆ సినిమాలో కనిపిస్తుంది. వైకుంఠాన్ని బోధించే అధ్యాపకులు ఈ రెంటినీ కలిపి చూపించడం మంచిది.

కె. లక్ష్మాగౌడ్ సంగతి వేరు. మెదక్ జిల్లా నుంచి వచ్చిన ఈ కళాకారుడి రేఖాచిత్రాలలో, ఎచింగులలో పల్లె స్త్రీ పురుషులు మేకల మధ్య, చెట్ల మధ్య నగ్నంగానే తిరుగుతారు. పట్నపు సిగ్గు అక్కడ లేదు. నరాలు తేలిన దేహాలు అవి. కాని జ్ఞాపకం నుంచి గీసిన దేహాలు, ఎదుట కూర్చున్న ఒక మనిషిని అడిగి గీసినవి కావు. మన ప్రశ్నకు అవి దగ్గరగా వచ్చి పక్కకు తప్పుకుంటాయి.

ఎదుట కూర్చున్న మనిషి కావాలంటే లండన్ వెళ్ళాలి. లూసియన్ ఫ్రాయిడ్ 1995లో పూర్తిచేసిన ఒక పెద్ద చిత్రంలో బాగా లావైన స్త్రీ వివస్త్రగా సోఫా మీద పడుకుని నిద్రపోతూ వుంటుంది. చిత్రం పేరు 'బెనిఫిట్స్ సూపర్‌వైజర్ స్లీపింగ్'. ఆమె స్యూ టిల్లీ, నిరుద్యోగులకు భృతి చూసే ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. నెలల తరబడి ఆమె అతని స్టూడియోలో పడుకుంది. మొదట్లో ఆమెకు ముట్టిన కూలి రోజుకు 20 పౌన్లు. 2008 మే నెలలో ఆ చిత్రం న్యూయార్క్ వేలంలో 3 కోట్ల 36 లక్షల డాలర్లకు పోయింది. బతికివున్న చిత్రకారుడి పనికి అంత ధర అంతకుముందు ఎన్నడూ రాలేదు. 2015లో ఆమెనే గీసిన మరొక చిత్రం 5 కోట్ల 60 లక్షల డాలర్లు దాటింది. అదనపు విలువను గురించి మన అధ్యయన తరగతులలో చెప్పేటప్పుడు ఉదాహరణ కోసం వెతుక్కునేవారికి ఇంతకన్న ఏం కావాలి?

కూలి లెక్క చూపించి ఊరుకుంటే విమర్శ పూర్తికాదు. ఆ చిత్రం ఆమెను అవమానించిందా? ఫ్రాయిడ్ క్రూరంగా గీస్తాడని చాలామంది అన్నారు. నాకు అలా తోచదు. ప్రతి మడతనూ, ప్రతి ఎర్రమచ్చనూ అతను ఓర్పుగా చూశాడు. ఓర్పుగా చూడడంలో ఒక గౌరవం వుంది. బొమ్మ పేరులో ఆమె ఉద్యోగం వుంది; 'నగ్నస్త్రీ' అని పెట్టి ఊరుకోలేదు. స్యూ టిల్లీ తర్వాత ఎన్నోసార్లు ఆ చిత్రాలను గురించి నవ్వుతూ, తన సొంత గొంతుతో మాట్లాడింది. ముఖం, పేరు, మాట వున్నాయి గాని వాటా లేదు. ఆత్మగౌరవం ఆమెకు, లాభం మార్కెట్టుకు దక్కాయి. రెండూ ఒకే చిత్రంలో నిజమే. అభ్యుదయ విమర్శకుడు రెండవదాన్ని చూపించి మొదటిదాన్ని అబద్ధమనడం, పెట్టుబడి పత్రికలు మొదటిదాన్ని చూపించి రెండవదాన్ని దాచడం, రెండూ తప్పే.

జెన్నీ సావిల్ ఈ చిక్కును మరొక విధంగా విడదీసింది. 1992లో విద్యార్థినిగా వుండగానే తన దేహాన్నే ఆధారం చేసుకుని 'ప్రాప్డ్' అనే చిత్రం గీసింది. చిన్న పీట మీద భారీగా కూర్చున్న నగ్నదేహం, తొడలలోకి గుచ్చుకున్న వేళ్ళు, రంగు మీద అద్దంలో తిరగేసినట్టు గీరిన స్త్రీవాద తత్వవేత్త వాక్యాలు. అక్షరాలు సరిగా కనబడాలంటే మనం చిత్రంలోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలి! చూసేదీ చూడబడేదీ ఒకరే అయినప్పుడు మోడల్ కూలి ప్రశ్న వుండదు. అయితే ఈ చిత్రం కూడా 2018లో 95 లక్షల పౌన్లకు వేలంపోయింది. మార్కెట్టు తనను తిట్టినదాన్ని కూడా కొనగలదు.

ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకు ఇంకొక సమాధానం రవి జాదవ్ తీసిన మరాఠీ చిత్రం 'న్యూడ్'లో వుంది. బొంబాయి జె.జె. కళాశాలలో కొడుకును చదివించుకోవడం కోసం నగ్నంగా కూర్చునే పేదతల్లి కథ. 2017 గోవా చలనచిత్రోత్సవంలో ఎంపికైన ఆ చిత్రాన్ని మంత్రిత్వశాఖ తొలగించింది, 2018లో విడుదలయింది. మన దేశపు కళాశాలల్లో విద్యార్థులు ఎముకా కండా నేర్చుకున్నది ఇటువంటి స్త్రీలను చూసే. వారి పేర్లు ఏ కాటలాగులోనూ వుండవు. అమెరికన్ స్త్రీకి అది దేహాన్ని అంగీకరించడం, ఈమెకు అది రోజుకూలి. ఈ తేడాను మరిచి దేహాంగీకారాన్ని పొగిడితే మనం బోలుమాటలు మాట్లాడినట్టే. అలాగని ఈమెకు కూలి తప్ప మరేమీ అక్కరలేదనడం కూడా అవమానమే. ఇంతమంది పిల్లలు తన దేహాన్ని ఓర్పుగా, తిట్టకుండా, కొట్టకుండా చూడడం ఆమెకు కూడా జీవితంలో కొత్త అనుభవం కావచ్చు గదా!

తెలుగులో ఈ పని కుంచె కన్న ముందు కలం చేసింది. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తిగా అచ్చువేయిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1947లో ఆ నిషేధాన్ని తీసివేసేదాకా అది నేరవస్తువే. ప్రబంధకవులు స్త్రీ దేహాన్ని ఆపాదమస్తకం కొలిచినప్పుడు అది కవిత్వం. స్త్రీ తన కోరికను తాను చెబితే అశ్లీలం. 1980లలో, 90లలో స్త్రీవాద కవయిత్రులు వచ్చినప్పుడు కూడా ఇదే పాట. జయప్రభ పైటను గురించి, మగవాడి చూపులను గురించి రాసినప్పుడు, కొండేపూడి నిర్మల పురిటిగదిని గురించి రాసినప్పుడు, 1993లో ఓల్గా 'నీలిమేఘాలు' సంకలనం తెచ్చినప్పుడు, వాటిని నీలికవితలన్నవారిలో మనవారు కూడా వున్నారు. ఈ మాట రాయడం నాకు ఇష్టంగా లేదు గాని చరిత్ర అది.

ఆ కవిత్వానికి సరైన సవరణ కుడివైపు నుంచి రాలేదు, కింది నుంచి వచ్చింది. పైట స్త్రీకి సంకెల అని పట్నపు కవయిత్రి అన్నప్పుడు, జూపాక సుభద్ర కొంగును గురించి రాసింది. దళిత శ్రామిక స్త్రీకి కొంగు పనిముట్టు. చెమట తుడిచేది, గింజలు మూటగట్టేది, బిడ్డను చుట్టేది అదే. సిగ్గు దాచుకునే గుడ్డ అనే అర్థం ఆమె జీవితంలో మొదటిది కాదు. ఈ ఒక్క సవరణతో నగ్నత్వం అన్న మాటకే అర్థం మారిపోతుంది. ఎవరికి దేహాన్ని కప్పుకునే హక్కు కూడా చరిత్ర ఇవ్వలేదో, ఎవరి దేహాన్ని దొర ఎప్పుడైనా విప్పగలిగాడో, వారికి బట్టలు తీయడం దానంతట అదే విముక్తి కాజాలదు. బట్టలు కట్టుకోవడమే ఒకనాడు పోరాటం.

మరి ఈ ధోరణిని వ్యాపారం ఏం చేసింది? 2004లో యూనిలీవర్ కంపెనీ తన 'డవ్' సబ్బుల కోసం నిజమైన అందం అంటూ రకరకాల ఒళ్ళున్న స్త్రీలతో ప్రచారం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే సన్నబడే పొడులమ్మే 'స్లిమ్‌ఫాస్ట్' దాని చేతిలో వుంది. 2014లో గాని అమ్మివేయలేదు. మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' అమ్మినదీ ఆ సంస్థ శాఖే. 2020లో పేరు మాత్రం మార్చింది. గాయమూ మందూ ఒకే కొట్లో దొరుకుతాయి.

తెలుగు సినిమాలో దీనికి సమానమైనది 2015 నాటి 'సైజ్ జీరో'. ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వం, అనుష్క నాయిక. సన్నబరిచే కేంద్రాల మోసం మీద సినిమా తీయడం మెచ్చదగిన సాహసమే. ఒక అగ్రనటి పాత్ర కోసం దాదాపు 20 కిలోలు పెరిగిందని వార్తలు రాశారు. రబ్బరు దిండ్లు కట్టుకుని నటించడం కన్న అది నిజాయితీ. కాని కథ ఆమెను ప్రేమ దొరకాలనే ఆరాటంలోనే తిప్పింది. ఆమె దేహం సరైనదని ధ్రువీకరించవలసినవాడు చివరికి ఒక సన్నని అందగాడు. సినిమా ఆడలేదు. నటి మళ్ళీ తగ్గవలసి వచ్చింది. పరిశ్రమ ఆమె లావును ఒక సినిమా కాలానికి మాత్రమే అంగీకరించింది.

ఆరోగ్యం మాటేమిటని డాక్టరు మిత్రులు అడుగుతారు. షుగరు, రక్తపోటు నిజం. వాటిని ఎవరూ కాదనడం లేదు. కాని సిగ్గు మందు కాదు. డాక్టరు తిడతాడని ఆసుపత్రికి వెళ్ళడం మానుకునే స్త్రీకి ఆ సిగ్గు రోగాన్ని పెంచుతుంది. ఎత్తునూ బరువునూ భాగించే లెక్క కూడా 19వ శతాబ్దంలో బెల్జియం గణకుడు కెట్లే జనసమూహాలను కొలవడానికి కట్టినది. మనిషికి మార్కులు వేయడానికి కాదు.

చట్టం మన విమర్శకుల కన్న కొంచెం ముందుకు పోయింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు నగ్నచిత్రం అయినంతమాత్రాన అశ్లీలం కాదని, మొత్తం సందర్భాన్ని చూడాలని చెప్పింది. 2023 జూన్‌లో కేరళ హైకోర్టు, తన అర్ధనగ్న దేహం మీద పిల్లలచేత బొమ్మ వేయించుకున్న రెహనా ఫాతిమాను కేసు నుంచి విడుదల చేస్తూ, తన దేహం మీద స్త్రీకి వుండే స్వాధికారాన్ని గుర్తించింది. కోర్టు గుర్తించినదాన్ని కాలనీ గుర్తించదు. కొత్తగూడెంలో ఒక స్త్రీ ఇటువంటి చిత్రానికి కూర్చుంటే ఆ చిత్రం మర్నాటికి ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో, దాన్ని చూపి ఎవరు బెదిరిస్తారో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ నెగెటివ్ ఎవరి దగ్గర వుందన్నదే అసలు ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో స్త్రీల వెనుక ఒక బృందం వుంది. ఇక్కడి స్త్రీ ఒంటరి. ఆమెకు ధైర్యం చాలదని మనం ఉపన్యసించడం తేలిక. ఆమె ధైర్యానికి అయ్యే ఖర్చును పంచుకునే సంఘం ఏదీ?

అది కట్టే లోపల మన చేతిలో వున్న పని ఒకటుంది. ఎం.ఏ. తరగతిలో ప్రబంధం చెప్పేటప్పుడు అంగాంగవర్ణన పద్యాలు రాగానే చాలామంది అధ్యాపకులు వాటిని ఇంటి దగ్గర చదువుకోమని దాటవేస్తారు. ఎదుట ఆడపిల్లలున్నారని సంకోచం. వాళ్ళు ఇంటి దగ్గర చదువుకుంటారు, పరీక్షలో రాస్తారు. ఆ లేని నడుమును ఒంటరిగా అద్దం ముందు తమ నడుముతో పోల్చుకుంటారు. ఆ పద్యాలను తరగతిలోనే చదివి, ఈ సున్నాను ఎవరు, ఎవరి కొలువులో, ఎవరి కళ్ళ కోసం గీశారని అడగవచ్చు. పక్కన సుభద్ర కొంగును, స్యూ టిల్లీ చిత్రాన్ని పెట్టి ముగ్గురు స్త్రీలలో ఎవరికి ముఖం వుందో చెప్పమనవచ్చు. సిలబస్ అడ్డురాదు. హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంట్ అడ్డురావచ్చు. అది వేరే తగాదా.